ఇసుక బకెట్టు

కొలంబస్ ఓడ పక్కన
ఇనప గొలుసుకీ ఇసుక బకెట్టుకీ నడుమ నా చోటు.
నాగావళి ఇసుక. సాయంత్రం నాలుగింటికి నింపుతాను,
రాత్రి పదికి ఖాళీ అవుద్ది.
ఎందుకని అడక్కండి.

సిక్కోలు, ఎనభై అడుగుల రోడ్డు పక్క ఖాళీ జాగా,
నలభై రోజుల ఎగ్జిబిషను.
టికెట్టు చింపుతూ ముఖాలు చూస్తాను.
ఎవడు కక్కుతాడో ముందే తెలిసిపోద్ది:
మంచూరియా ప్లేటు ఇంకా చేతిలోనే ఉన్నవాడు,
కొత్త పెళ్లాం ముందు కొసన కూకుంటానన్నవాడు,
ఎక్కకముందే కళ్లు మూసేసుకున్నవాడు.
"నడుమ కూకో బాబూ, ఊపు తక్కువ" అంటాను.
రేటు ఒకటే అయినప్పుడు నడుమ ఎందుకని
కొసకే పరిగెడతారు.
మనిషి చెప్తే వినరు. కడుపు చెప్తే వింటారు,
అదీ ఆలస్యంగా.

మొన్న ఆదివారం
కళింగపట్నం నుంచి ఒక ముసలాయన వచ్చాడు.
మైలపల్లి కొర్లయ్య. అడక్కుండానే చెప్పాడు పేరు,
ఈ ఓడ తనదే అయినట్టు.
వేలు పట్టుకుని మనవరాలు,
బడిలో తన్మయి, ఇంట్లో తవిటి.
"నలభయ్యేళ్లు ఏటకెల్లినోణ్ని. దీనికేటి, నీల్లు కూడా నేవు"
అని ఓడ పొట్టని అరచేత్తో తట్టాడు.
రేకు మోగింది.

ఎక్కేముందు గుంటకి పాఠం:
"కడుపు నిండా తినకు. మాడ్సుకోకు కూడాను,
ఉత్త కుండకే సప్పుడెక్కువ.
ఈ అల్లం ముక్క బుగ్గనెట్టుకో. నమలకు, ఊరనీ.
కాళ్లకేసి సూడకు, పక్కోళ్లకేసి సూడకు.
కళ్లు మూసేవా, సచ్చేవే.
కదలనిది ఏదో ఒకటి సూడు.
నాకైతే మన లైటౌసు.
తుపాను గాలొచ్చినా కూకున్న సోటే కూకుంటాది.
కన్ను దానికి కట్టేస్తే
కడుపు పడవలోనే ఉంటాది."

నేను లివరు లాగాను.

మూడో ఊపుకి తవిటి నవ్వుతోంది.
ఐదో ఊపుకి కొర్లయ్య తల అటూ ఇటూ తిప్పుతున్నాడు,
వెతుకుతున్నాడు.
జెయింట్ వీలు తిరుగుతోంది, టోరాటోరా తిరుగుతోంది,
బల్బులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి,
మృత్యుబావిలో మోటారు సైకిలు గోడెక్కుతోంది.
పీచు మిఠాయి కూడా తిరుగుతోంది.
ఏడో ఊపుకి ఆయన
ఎండేసిన నెత్తళ్ల రంగుకొచ్చాడు.

ఆపాను. ఆపితే ఆగే ఓడ కాదు,
ఇంకో నాలుగు ఊపులు దానికి బాకీ.

ఇసుక పోశాను. నేనేమీ అనలేదు.
కండువాతో మూతి తుడుచుకుని
ఆయన ఆ ఇసుకనే చూశాడు కాసేపు.
"ఏటి ఇసుక" అన్నాడు. "ఉప్పు నేదు."

తవిటి గోళీ సోడా పట్టుకొచ్చింది.
"నీకెలా తిప్పలేదే?"
"నువ్వు సెప్పిందే సేశాను తాతా. అదిగో!"
షాపుల అవతల సెల్ టవరు,
దాని నెత్తిన ఎర్ర దీపం.
నేను ఇన్ని రోజులూ దాని కిందే అన్నం తింటున్నాను.

సోడా అయిపోయేదాకా దాన్నే చూశాడు.
అప్పుడు నా వైపు తిరిగి, నా చేతిలో లివరు చూసి,
"ఒకటి సెప్పడం మర్సిపోనాను" అన్నాడు.
"సుక్కాని పట్టినోడికి తిప్పదు.
నలభయ్యేళ్లూ నాను కూకున్నది సుక్కాని కాడ.
ఊరికే కూకోడం ఇదే మొదలు."

వెళ్తూ వెళ్తూ అల్లం ముక్కొకటి నా బల్ల మీద పెట్టాడు.
ఎందుకో తెలీదు. నేను ఎప్పుడూ ఎక్కను.

ఇప్పుడు టికెట్టు చింపుతూ
టవరు చూపిస్తున్నాను అందరికీ.
కొందరు చూస్తారు. కొందరు నన్ను చూసి నవ్వుతారు.
నిన్న రాత్రి పదికి
బకెట్టులో సగం ఇసుక మిగిలింది.

డేరా ఎత్తితే తర్వాతి మకాం విజయనగరం.
స్తంభాలు పాతకముందే ఒకసారి బస్సెక్కి వెళ్లాలి,
ఆ మైదానంలో నిలబడి చుట్టూ చూడాలి,
అక్కడ కదలనిది ఏటుందో.